మంద వెంట మూడో చక్రం

చక్రాల కుర్చీ అనగానే అందరికీ వెనక ఉండే పెద్ద చక్రాలే కనిపిస్తాయి. మనిషిని పడేసేవి మాత్రం ముందుండే రెండు చిన్నవి. అరచేతిలో పట్టేంత ఉంటాయి, గట్టి రబ్బరువి, దవాఖానలోని నున్నటి బండల మీద తిరగడానికి పుట్టినవి. మక్తల్ పక్కన మా ఊళ్ళో వాటి ప్రతాపం గడప దాకానే. గడప దాటితే గులకరాయి అడ్డం, దాన్ని దాటితే ట్రాక్టరు జాడ అడ్డం, అవేవీ లేకపోతే పల్లేరు తీగ ఒకటి చుట్టుకుని అడ్డం. చక్రం ఆగుతుంది, కుర్చీ ఆగుతుంది, కూర్చున్నవాడు మాత్రం ముందుకు పోతాడు. నాకు ఆ కుర్చీ ఇచ్చిన శిబిరంలో ఫొటో దిగిన పెద్దమనుషులు దాన్ని మట్టి మీద మూరెడు దూరం కూడా తోసి చూడలేదు. కుర్చీతో పాటు నాకు శాలువా కూడా కప్పారు. శాలువా ఎందుకో ఇప్పటికీ అర్థం కాదు. అప్పటికి నేను చేసిన ఘనకార్యమల్లా చెట్టు మీది నుంచి పడటమే.

పడింది తెలంగాణ వచ్చిన మరుసటి ఎండాకాలం. మేత దొరక్క వేపచెట్టెక్కి మందకు మండలు కొడుతున్నాను. మాది గొర్లు కాసే ఇల్లు. తాత కాశాడు, బాపు కాశాడు, నేను బడి మానేసిన నాటి నుంచి బాపుతో పాటు కాశాను. కొమ్మ విరిగింది, నడుము విరిగింది, నడుము కింద ఉన్నదంతా నాది కాకుండా పోయింది. హైదరాబాదులో నెలల తరబడి పడుకుని తిరిగొచ్చాక, ఇంటి ముందు రేకుల పంచలో మంచం వేశారు. పొద్దున మంద పోతుంటే చూసేవాణ్ణి, పొద్దుగూకాక వస్తుంటే చూసేవాణ్ణి. మధ్యలో చూడటానికి ఏమీ ఉండేది కాదు. దారిన పోయేవాళ్ళు ఆగి, నన్ను చూసి, "పాపం" అని బాపుతో అనేవాళ్ళు. నాతో అనేవాళ్ళు కాదు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అలా కొన్నేళ్ళు గడిచాయి. తమ్ముడికి మక్తల్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని దొరికింది. బాపుకు మోకాళ్ళు పట్టేశాయి. ఒకనాడు అన్నం తింటూ తమ్ముడే మాట ఎత్తాడు, ఇక మందను అమ్మేద్దామని. బాపు కాదనలేదు. అమ్మ తన పళ్ళెంలోకి చూస్తూ కూర్చుంది. నన్ను అడగాలని ఎవరికీ తోచలేదు. ఆ మందలో సగం గొర్లు పుట్టినప్పుడు వాటి మూతి తుడిచి తల్లి పాలకు పట్టింది నేను.

"మందను నేను కాస్త," అన్నాను మంచం మీది నుంచి.

తమ్ముడు నవ్వినా బాగుండేది. నవ్వలేదు. జ్వరం వచ్చిన పిల్లాడితో మాట్లాడినట్టు నెమ్మదిగా, "ఎట్ల కాస్తవన్నా?" అన్నాడు.

"కుర్చీకి ముందట పెద్ద చక్రం ఒకటి పెట్టుకుంటే చేన్లల్ల తిరగొచ్చు. దవాఖానల నా పక్క మంచమాయన దగ్గరున్నది. ఆయన ఇప్పుడు బ్యాటరీ బండి తీసుకున్నడు, అది ఊకెనే మూలకు పడున్నది. అడిగితే ఇస్తడు."

బాపు చేయి కడుక్కుని వచ్చి నా మంచం పక్కన కూర్చున్నాడు. "సరే. నువ్వు మంద ఎంబడి తిరుగుతాంటె నేను అమ్మను. తిరగలేకపోతె అమ్ముత. గప్పుడు నన్ను అనొద్దు."

నేను ఒప్పుకున్నాను. ఆ మాటను నేను నమ్మాను. బాపు మాట ఇచ్చి తప్పడం అప్పటిదాకా నేను చూడలేదు.

తమ్ముడు పోయి చక్రం తెచ్చాడు. ఇచ్చినాయనది కేతేపల్లి, చేదబావిలో పడి నాలాగే అయినవాడు. చూడటానికి పెద్ద విశేషమేమీ లేదు. చిన్నపిల్లల సైకిలుకుండేంత గాలిచక్రం, దాన్ని రెండు వైపులా పట్టుకునే ఇనుప కాళ్ళు, పైన కుర్చీని కరిచి పట్టుకునే క్లాంపు. క్లాంపును కుర్చీలో పాదాలు పెట్టుకునే చోట బిగించి, చక్రాన్ని కిందికి నొక్కితే కుర్చీ ముందు భాగం లేస్తుంది. ఆ చిన్న చక్రాలు రెండూ గాలిలో ఉండిపోతాయి. ఇక వెనక రెండు, ముందు ఒకటి. రాళ్ళనూ గుంటలనూ ఆ ముందుది చూసుకుంటుంది. "చిన్న చక్రాలు నేలకు రెండు వేళ్ళ ఎత్తు లేవాలె తమ్మీ, అంతకు ఎక్కువొద్దు, తక్కువొద్దు," అని కేతేపల్లి అన్న ఫోన్లో పదేపదే చెప్పాడు.

తీరా చూస్తే అది నా కుర్చీకి పట్టదు. ఆ క్లాంపుకు పాదాల కింద అడ్డంగా ఒకే పలక ఉండాలి. నాది మడిచే కుర్చీ, కుడికాలికొక పలక, ఎడమకాలికొక పలక, మధ్యలో ఖాళీ. మక్తల్‌లో వెల్డింగ్ దుకాణానికి తీసుకుపోయాము. ఆయన అటు చూసి ఇటు చూసి, రెండు వైపుల గొట్టాలను కలుపుతూ అడ్డంగా ఒక ఇనుప పైపు వేస్తానన్నాడు.

"వేస్తె ఇగ కుర్చీ మడవరాదు," అన్నాడు.

మడవడం రాకపోతే ఆటోలో పట్టదు, బస్సు వాళ్ళు ఎక్కించుకోరు. మక్తల్ సినిమా హాలు, జాతర, దవాఖాన, అన్నీ దూరమవుతాయి. మంద కావాలా బస్సు కావాలా అని తేల్చుకోవడానికి నాకు అరనిమిషం కూడా పట్టలేదు. వెయ్యమన్నాను.

వేశాడు. కానీ గుట్టల్లో తిరిగేవాడికి ఎత్తు కాస్త ఎక్కువుంటేనే మంచిదని తన సొంత తెలివి ఉపయోగించి పైపును బాగా కిందికి వేశాడు. దాంతో కుర్చీ ముందు భాగం జానెడు లేచింది. నేను వెనక్కి వాలి ఆకాశం చూస్తూ కూర్చోవలసి వచ్చింది. అలాగే రోడ్డు మీదికి ఎక్కుదామని చక్రాలు బలంగా తిప్పాను. ముందు చక్రం నేలను వదిలేసింది. కుర్చీ వెనక్కి ఒరిగింది. నా తల కంకర మీద పగలవలసిందే. వెనక నిలబడ్డ బాపు రెండు చేతులతో పిడులు పట్టుకుని ఆపాడు. నేను నవ్వాను. బాపు నవ్వలేదు. కుర్చీ నేలకు దిగాక కూడా ఆయన పిడులు వదలలేదు. తమ్ముడు వచ్చి, "ఇగ ఇడువు బాపూ," అంటే గానీ వదలలేదు.

వెల్డింగాయన గొణుక్కుంటూ పైపు కోసి మళ్ళీ వేశాడు. ఈసారి ఎత్తు కుదిరింది కానీ పైపు ఒక పక్కకు తిరిగింది. చక్రం నిలువుగా నిలబడక కుర్చీ తనంతట తాను ఎడమకు లాగింది, తాగినవాడి నడకలా. మళ్ళీ కోసి, మళ్ళీ వేశాడు. మూడోసారికి కుదిరింది. ఎత్తు రెండు వేళ్ళే, నడక సూటిగానే. ఆ పూట రోడ్డు పక్కన మట్టిలో, ఒక్క చేయి కూడా నా వెనక లేకుండా, నేను కరెంటు స్తంభం దాకా పోయి వచ్చాను. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. దుమ్ము పడిందని చెప్పాను.

మందకు పోవడం నేను మంచం మీద పడుకుని ఊహించినంత సులువుగా లేదు. వానకు తడిసిన నల్లరేగడిలో నా బండి కదలదు. ఆ రోజుల్లో ఇంట్లోనే. కానీ ఎర్రనేలలో, పంట కోసిన చేన్లలో బాగా తిరిగేవాణ్ణి. బాపు మోకాళ్ళ నొప్పితోనే మందకు ముందు నడిచేవాడు, నేను పైరున్న చేను పక్కన గట్టు పొంటి ఉండేవాణ్ణి. గొర్రె పైరు దిక్కు మూతి తిప్పితే అదిలించడం నా పని. కట్టె ఉంది, గొంతు ఉంది, అంతకు మించి అక్కర్లేదు. సీసాలో మూత్రం పోసుకోవడానికి చాటు చూసుకోవాలి, పిర్రల కింద పుండ్లు పడకుండా చేతుల మీద లేచి లేచి కూర్చోవాలి. అవన్నీ నాకు అలవాటే. మంచం మీద కూడా ఆ బాధలు తప్పలేదు కదా. కనీసం ఇక్కడ ముందర గొర్లు ఉన్నాయి.

ఊళ్ళో వాళ్ళకు మాత్రం అది నచ్చలేదు. "పింఛను తింట ఇంట్ల కూసోక నీకెందుకురా గీ తిప్పలు," అన్నాడు ఒక పెద్దాయన. బాపును ఆపి, "గా పిల్లగాన్ని ఎండల తిప్పుతున్నవ్, నీకు మనసెట్లొస్తాంది," అని ఒకామె కడిగేసింది. ఏళ్ళ తరబడి మంచం మీద పడి ఉన్నప్పుడు వీళ్ళెవరికీ నా మీద ఇంత ప్రేమ పుట్టలేదు. నేను పట్టించుకోలేదు. బాపు పట్టించుకుంటున్నాడని నాకు తెలియలేదు.

చక్రానికి చాకిరీ గొర్లకు చేసినంత చేసేవాణ్ణి. తుమ్మముల్లు దిగని రోజు ఉండేది కాదు. గాలి పంపు, ట్యూబు అతుకులు, జిగురు సీసా ఎప్పుడూ కుర్చీ వెనక సంచిలో ఉండేవి. క్లాంపు మరలు రాళ్ళ మీద అదిరి అదిరి వదులయ్యేవి, పొద్దున్నే పానా పెట్టి బిగించేవాణ్ణి. సాయంత్రం ఇరుసుకు చుట్టుకున్న గడ్డీ గొర్రెబొచ్చూ కొడవలి మొనతో లాగి, పొడిగుడ్డతో తుడిచేవాణ్ణి. బేరింగు జోలికి పోవద్దని కేతేపల్లి అన్న చెప్పాడు. దానికి రెండు వైపులా రబ్బరు మూతలుంటాయి, లోపల గ్రీజు ఉంటుంది, నీళ్ళు తగలనియ్యకు, నూనె పొయ్యకు, దాని మానాన దాన్ని వదిలెయ్ అన్నాడు. ఆ మాట నేను విన్నాను. బాపు వినలేదు.

ఒకనాడు పొద్దున చక్రం తుడుస్తుంటే వేళ్ళకు నల్లటి జిడ్డు అంటింది. ఆముదం వాసన.

"ఎవరు చేసిండ్రు గిది?" అన్నాను.

"నేనే," అన్నాడు బాపు. ఆయన మొహంలో అంత సంతోషం చాలా రోజుల తర్వాత చూశాను. "ఇరుసు అన్నంక కందెన ఎయ్యద్దా? ఎండిన ఇరుసు ఎన్నొద్దులు తిరుగుతది?"

మాకు ఒకప్పుడు ఎడ్లబండి ఉండేది. బండి ఇరుసుకు ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన వేసేవాళ్ళు. మా దిక్కు ఆముదాలకు కొదవ లేదు, గడ్డికి కొదవ లేదు. కట్టె ఇరుసుకు అది మంచి మందు. ఆ పాత లెక్కే బాపు నా చక్రానికీ వేశాడు. కందెన లోపలికి పోవాలని దబ్బనంతో రబ్బరు మూతలు లేపి మరీ కూరాడు. ఆ మసి, పైన మా ఎర్రమట్టి దుమ్ము, రెండూ కలిసి లోపల ఇనుప గుండ్లను ఆకురాయిలా అరగదీస్తాయని ఆయనకు తెలియదు. ఆయన మొహం చూసి నేను గట్టిగా ఏమీ అనలేకపోయాను. మూతలు ఊడిపోయాయి, లోపలిది తుడిచేందుకు వీలు కాలేదు. చేతనైనంత పైపైన తుడిచాను.

కొన్నాళ్ళకు చక్రం మూలగడం మొదలుపెట్టింది. తర్వాత అటూ ఇటూ ఊగింది. ఒక మధ్యాహ్నం, ఊరికి దూరంగా కంది చేను గట్టు మీద, కదలనని బిగుసుకుపోయింది. నేను పడలేదు. ఆగిపోయానంతే. కానీ బాపు అప్పటికి మందతో వాగు అవతల ఉన్నాడు. ఆయన నన్ను వెతుక్కుంటూ వచ్చేసరికి పొద్దు వాలింది. నన్ను చూడగానే నిలబడ్డచోటనే కూలబడ్డాడు. తమ్ముణ్ణి పిలిపించి, ఇద్దరూ కలిసి కుర్చీతో సహా మోసుకొచ్చారు. దారి పొడవునా బాపు నోరు మెదపలేదు. అలసిపోయాడనుకున్నాను.

మక్తల్‌లో విప్పి చూస్తే బేరింగు నుజ్జయింది, దాని గూడు కూడా అరిగిపోయింది. కొత్త బేరింగు పెడితే వదులుగా తిరుగుతోంది. పాలమూరులో లేత్ మిషన్ మీద గూడు సరిచేయించి, లోపల కడియంలాంటి ఇత్తడి బుష్షు దిగ్గొట్టించాలన్నారు. తమ్ముడు సంచిలో వేసుకుని పోయొస్తే సరిపోయే పని అది. నేనూ అదే అన్నాను.

"వద్దు, నువ్వే పో," అన్నాడు బాపు. "చక్రం సంగతి నీకే ఎరుక. వానికి ఏం తెలుస్తది? మీ మేనత్త ఇంట్ల రెండు దినాలు ఎక్కువుండు, పని మంచిగ చేయించుకోని రా."

నిజం చెబుతున్నాను, ఆ మాటకు నేను పొంగిపోయాను. నడుము విరిగినప్పటి నుంచి బాపు నన్ను ఒక్కణ్ణే ఎక్కడికీ పంపలేదు. ఇప్పుడు పెద్ద కొడుకును పంపినట్టు పంపుతున్నాడు. పల్లికాయ బస్తాలతో పాలమూరు మార్కెట్‌కు పోయే మా ఊరి బండి ఒకటి ఉంటే, నన్ను ఎత్తి డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు. మడవరాని కుర్చీని బస్తాల మీద కట్టారు. అమ్మ సజ్జరొట్టెలు మూట కట్టి ఇచ్చింది. ఇస్తూ నా మొహం చూడలేదు. పొద్దుటి నుంచి పనిలో ఉందని అనుకున్నాను. నా అంత అమాయకుడు మా మండలంలో ఇంకొకడు ఉండడు.

లేత్ ఆయనకు చేతినిండా పని. రేపు రా, ఎల్లుండి రా అంటూ తిప్పాడు. రోజూ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసేవాణ్ణి.

"గొర్లు ఎట్లున్నయ్ బాపూ?"

"మంచిగున్నయ్ తియ్."

"ఈనాల్సినవి రెండున్నయ్, జర చూడు."

"చూస్త తియ్. నీ పని కానియ్."

పని అయింది. బుష్షు బిగుతుగా కూర్చుంది. కొత్త బేరింగు చప్పుడు లేకుండా తిరుగుతోంది. చేత్తో తిప్పి వదిలితే చక్రం చాలాసేపు తిరుగుతూనే ఉంది. లేత్ ఆయనా నేనూ ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.

తిరుగు ప్రయాణంలో అదే బండి దొరికింది. ఊరి మొదట్లోనే దిగుతానన్నాను. డ్రైవరు నన్ను కుర్చీలోకి దించి పోయాడు. చక్రం నేనే బిగించాను. ఎత్తు చూసుకున్నాను, నిలువు చూసుకున్నాను. ఇంటికి పోకుండా నేరుగా గొర్ల దొడ్డికి పోయాను. ఆ ఈనే గొర్లు రెండూ నా మనసులో ఉన్నాయి. దారిలో ఇద్దరు ముగ్గురు ఎదురుపడ్డారు. పలకరించకుండా తలలు తిప్పుకున్నారు.

దొడ్డి తలుపు తడక తీసి పక్కన పెట్టి ఉంది. లోపల పిల్లిపెసర మేత కట్ట ఒకటి సగం తిని వదిలేసినది కింద పడి ఉంది. పెంట అప్పటికే ఎండి, పైన పొరలు కట్టింది. ఒకటి రెండు రోజుల్లో ఎండేది కాదు అది. నేను బయలుదేరిన మర్నాడే లారీ వచ్చిందని తర్వాత తెలిసింది. రాయచూరు దిక్కు వాళ్ళు కొన్నారు. నేను పాలమూరు పోకముందే వాళ్ళు వచ్చి, నేను మంచం మీద నిద్రపోతున్నప్పుడు మందను చూసుకుని పోయారు. నా చక్రం బాగుకావడం ఎవరికీ అక్కర్లేదు. నేను ఊళ్ళో లేకపోవడం కావాలి, అంతే.

బాపు ఇంటి ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు.

"నేను పడ్డనా బాపూ?" అన్నాను.

"పడలె."

"ఒక్క గొర్రె అన్న తప్పిపోయిందా?"

"పోలె."

"చేను మేపినమని ఎవడన్న వచ్చి అడిగిండా?"

"అడగలె."

"మరి నేను తిరుగుతాంటె అమ్మనంటివి గద. ఎందుకు అమ్మినవ్?"

తమ్ముడు అడ్డం రాబోయాడు. బాపు చేత్తో ఆపాడు. నా వైపు చూడకుండా నేలను చూస్తూ మాట్లాడాడు.

"నువ్వు గట్టు తిరిగి కనపడకుండ పోతె నాకు పానం నిలవకపోయేది కొడకా. గొర్ల దిక్కు చూసుడా, నీ దిక్కు చూసుడా? మంచం మీదున్నన్ని దినాలు నువ్వు యాడున్నవో నాకు ఎరుకుండె."

నేను నోటికి వచ్చినవన్నీ అన్నాను. ఇక్కడ రాయలేను. అమ్మ లోపల ఏడ్చింది. తమ్ముడు, "నీ మంచికే చేసిండన్నా," అన్నాడు. ఊరంతా ఇప్పటికీ అదే అంటుంది. కొడుకు మీద ప్రేమతో మందను కూడా వదులుకున్నాడని బాపును మెచ్చుకుంటారు.

చక్రం ఇప్పటికీ బాగుంది. పొద్దున్నే బిగించి రోడ్డు మీది చాయ్ హోటలు దాకా పోతాను, చాయ్ తాగి వస్తాను. తారు రోడ్డే, చిన్న చక్రాలతోనైనా పోవచ్చు. బాపు పంచలో కూర్చుని ఉంటాడు. అక్కడి నుంచి హోటలు కనిపిస్తుంది. నేను పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆయన కళ్ళు నా మీదే ఉంటాయి. మంచం మీద కదలకుండా పడి ఉన్న కొడుకును చూస్తూ ఆ మనిషి ఏళ్ళ తరబడి కడుపునిండా అన్నం తిన్నాడు. చేన్లలో తిరిగే కొడుకును చూసి తినలేకపోయాడు. దాన్ని ప్రేమ అనుకునేవాళ్ళు అనుకోనీ. ఆయన పెద్దవాడైపోయాడని, ఇంకెన్నాళ్ళో ఉండడని, ఇకనైనా మాట్లాడమని అమ్మ బతిమాలుతుంది. నేను మాట్లాడను.